విహారం ఎవరి పేరు మీద ఉంది?

 



మీ వాడలో బుద్ధ విహారం ఉంటే, అది ఎవరిదని మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు? "మా అందరిదీ" అంటారు. మంచి మాటే. మరి దస్తావేజులో ఎవరి పేరుంది? కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది? ఇంటి పన్ను రసీదులో ఎవరున్నారు? ఈ మూడు ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పగలిగిన ఉపాసకులు మన వేటపాలెం, చీరాల పక్క నాకు బహు తక్కువమంది కనబడ్డారు. ఈసారి కరపత్రంలో పంచశీల గురించో ధ్యానం గురించో రాద్దామనుకున్నాను గానీ, ఈ మధ్య జరిగిన ఒక సంగతి వల్ల ఇది రాయక తప్పడం లేదు.

ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. వేటపాలెం దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక పెద్దాయన. కష్టపడి కొనుక్కున్న తన స్థలంలో మూడు సెంట్లు విహారానికి ఇస్తున్నానని ఒక వైశాఖ పున్నమి రోజు అందరి ముందూ చెప్పాడు. జనం సాధు, సాధు అన్నారు. కాగితం ఎవరూ రాయలేదు. రాయమని అడిగితే ఆయన్ని అవమానించినట్టవుతుందని ఎవరూ నోరు విప్పలేదు. ఇటుకలు ఒకరు, సిమెంటు ఒకరు, జీడిపప్పు కొట్టే ఆడోళ్లు వారం కూలి డబ్బుల్లోంచి కొంత, ఇట్టా పోగుచేసి గది కట్టారు, బుద్ధ విగ్రహం పెట్టారు. దగ్గర దగ్గర ఇరవై ఏళ్లు అక్కడ వందన జరిగింది, పిల్లలకు ట్యూషన్ జరిగింది, అంబేద్కర్ జయంతి జరిగింది.

పెద్దాయన పోయాడు. పెద్ద కొడుక్కి కూతురి చదువుకి అప్పు కావాల్సొచ్చింది. బ్యాంకు వాళ్లు స్థలం కాగితాలు అడిగారు. ఉన్నవి ఆయన నాయన పేరు మీద ఉన్న కాగితాలే, వాటిలో ఈ మూడు సెంట్లూ కలిసే ఉన్నాయి. ఒకరోజు టేపు పట్టుకొని ఇద్దరు మనుషులొచ్చి విహారం గోడ దగ్గర కొలతలు తీస్తుంటే పల్లె మొత్తం పోగైంది. "బుద్ధుడి స్థలం తాకట్టు పెడతావా?" అని వీళ్లు. "మా నాయన స్థలంరా అయ్యా, నేనేం దొంగిలించానా?" అని అతను. చేతులు కలిసేదాకా పోయింది. ఆ మర్నాడు నన్ను పిలిచారు.

నేను పోయి రెండు వైపులా విన్నాను. అందరూ కొడుకునే తిడుతున్నారు. నాకు మాత్రం తప్పు అతనొక్కడిదే అనిపించలేదు. ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు పోగయ్యారో లెక్కలేదు గానీ, కాగితం కోసం ఒక్కరోజు కూడా పోగవలేదు గదా. ఆ మాట అంటే కొందరికి కోపమొచ్చింది. "ధమ్మంలో కాగితాలేందండీ, అవి లోకం గొడవలు గదా" అన్నాడొక యువకుడు.

ఆ యువకుడికి నేను అక్కడ చెప్పిన జవాబే మీకూ చెబుతాను. బుద్ధ భగవానుడికి ఈ గొడవ కొత్తది కాదు. వినయ పిటకంలో నివాసాల గురించిన అధ్యాయం ఒకటుంది. జేతవనం కథ అందులోదే. మనం ఆ కథను దానం గొప్పదనం కోసం చెప్పుకుంటాం. అందులో ఒక కోర్టు తీర్పు ఉందన్న సంగతి మాత్రం దాటేస్తాం.

అనాథపిండికుడు శ్రావస్తిలో జేత రాకుమారుడి తోట చూసి, భగవానుడి వర్షావాసానికి ఇవ్వమని అడిగాడు. నేల మొత్తం నాణేలు పరిచినా ఇవ్వను పొమ్మన్నాడు రాకుమారుడు. సేఠ్ ఆ మాట పట్టుకొని, "ధర చెప్పావు, బేరం కుదిరింది" అన్నాడు. "నేను అమ్మలేదు" అన్నాడితను. ఇద్దరూ న్యాయాధికారుల దగ్గరికి పోయారు. ధర నోటితో పలికావు కాబట్టి తోట పోయినట్టేనని వాళ్లు తీర్పిచ్చారు. అంటే మన చరిత్రలో అంత పేరున్న విహారం కూడా ఒక హక్కు వివాదం తేలాకే మొదలైంది. బండ్లమీద నాణేలు తెప్పించి పరిపిస్తే, గుమ్మం దగ్గర కొంచెం జాగా మిగిలింది. అప్పుడు జేతుడి మనసు కదిలి, ఈ జాగా నన్నివ్వనీ అని అడిగి అక్కడ ద్వారం కట్టించాడు.

దానికన్నా ముఖ్యమైనది తర్వాత వస్తుంది. కట్టడం అయిపోయాక, దీన్ని నేనేం చేయాలని సేఠ్ భగవానుడిని అడిగాడు. నా పేరు పెట్టుకోమనో, మా శ్రావస్తి భిక్షువులకే ఇవ్వమనో భగవానుడు అనలేదు. నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవాళ్లకీ ఇంకా రాబోయేవాళ్లకీ కలిపి ఇవ్వమన్నాడు. ఇది కాస్త ఆగి ఆలోచించాల్సిన మాట. ఇక్కడ ఈ దానం పుచ్చుకునేవాళ్లలో ఇంకా పుట్టనివాళ్లు కూడా ఉన్నారు. రేపు పుట్టబోయే మీ మనవడికి ఆ గోడలో హక్కుంది. మరి ఇవాళ ఉన్న పదిమంది కలిసి దాన్ని ఎట్టా అమ్మగలరు?

అదే అధ్యాయంలో కీటాగిరి కథ ఉంది. అక్కడ అస్సజి, పునబ్బసు అనే ఇద్దరి వెంట తిరిగే భిక్షువులు కొందరుండేవాళ్లు. సారిపుత్త, మొగ్గల్లానులు భగవానుడితో వస్తున్నారని తెలిసింది. వాళ్లకు చోటివ్వడం వీళ్లకిష్టం లేదు. ఏం చేశారంటే, విహారంలోని గదులన్నీ మనలో మనం పంచేసుకుందాం, అప్పుడు ఖాళీ లేదని చెప్పొచ్చు అనుకున్నారు. ఎంత తెలిసిన ఎత్తు! మన కమిటీల్లో చూడటం లేదూ? బయటివాడొస్తున్నాడంటే రాత్రికి రాత్రి తాళం మార్చడం!

ఆ సందర్భంలో భగవానుడు పంచకూడని ఆస్తులు ఐదు రకాలు చెప్పాడు. ఆరామం, దాని స్థలం. విహారం, దాని స్థలం. మంచం, పీట, పరుపు, దిండు. లోహపు కుండలు, గొడ్డలి, పార లాంటి పనిముట్లు. వెదురు, గడ్డి, మట్టి, కొయ్య సామాను. వీటిని ఒక భిక్షువు గానీ, ఒక గుంపు గానీ, ఆఖరికి సంఘం మొత్తం కూడినా గానీ, ఇచ్చేయడానికి వీల్లేదు, పంచుకోవడానికి వీల్లేదు, పంచినా పంచినట్టు కాదు. సంఘం మొత్తం ఒప్పుకున్నా చెల్లదు! మన సొసైటీల్లో మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే ఏదైనా చేసేయొచ్చని అనుకుంటారు. వినయం అంతకన్నా గట్టిది. అదీగాక గదులు కేటాయించే పనికి దబ్బ మల్లపుత్తుడిని సంఘం తీర్మానం చేసి నియమించింది. ఆయన అర్హంతుడు. అయినా గదులు చూపించేవాడే గానీ, గదుల యజమాని కాదు. మీ విహారం అధ్యక్షుడి గారికి ఈ ముక్క చదివి వినిపించండి, నొచ్చుకుంటే నొచ్చుకోనీండి.

ఇక మన నేల మీదికి రండి. భట్టిప్రోలు ఇప్పుడు మన బాపట్ల జిల్లాలోనే ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారి అక్కడి స్తూపాన్ని తవ్వితే ధాతువుల పేటికలు దొరికాయి. ఆ పేటికల మీద బ్రాహ్మీ అక్షరాల్లో కుబేరకుడనే రాజు పేరుంది. దాంతో పాటు గోఠి అనే ఒక సంఘం గురించీ, దాని సభ్యుల పేర్లూ వరసగా చెక్కి ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే కమిటీ. రెండు వేల ఏళ్ల పైచిలుకు కిందట ఈ జిల్లా జనం కమిటీ కట్టుకొని, ఎవరెవరు అందులో ఉన్నారో రాతి మీద రాసిపెట్టుకున్నారు. మనమేమో మినిట్స్ పుస్తకం ఎవరింట్లో ఉందో చెప్పలేం.

నాగార్జునకొండలో ఇంకా స్పష్టంగా ఉంది. క్రీస్తు శకం 3వ శతాబ్దం, ఇక్ష్వాకు రాజుల కాలం. విహారాలు కట్టించిన వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా కనబడతారు. మహాదేవి భటిదేవి బహుశ్రుతీయులకు, కొడబలిసిరి మహీశాసకులకు, ఉపాసిక బోధిసిరి సింహళ థేరవాద ఆచార్యులకు కట్టించారు. అంటే మనకు ఇప్పుడున్నట్టే అప్పుడూ శాఖలున్నాయి, ఏ విహారం ఏ శాఖ చేతిలో అన్న ప్రశ్నా ఉంది. కొడబలిసిరి శాసనం చూస్తే దానికి జవాబు రెండు మెట్లుగా ఉంటుంది. విహారం అర్పించింది నాలుగు దిక్కుల సంఘాన్ని ఉద్దేశించి. అది ఉండేది మహీశాసక ఆచార్యుల పరిగ్రహంలో, అంటే వాళ్ల స్వాధీనంలో. హక్కు అందరిదీ, చూసుకునే బాధ్యత ఒకరిది. మహారాణి డబ్బు పెట్టినా తన పేరు దాతగానే రాయించుకుంది, యజమానిగా కాదు. ఈ తేడాని చట్టం భాషలో పెట్టగలిగితే మన పని అయినట్టే.

పెట్టకపోతే ఏమవుతుందో బుద్ధగయ చూస్తే తెలుస్తుంది. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటు. శతాబ్దాల పాటు బౌద్ధులు చెల్లాచెదురైపోగా ఆలయం శైవ మహంతుల స్వాధీనంలో ఉండిపోయింది. 1891లో అనాగారిక ధర్మపాల వచ్చి ఆ స్థితి చూసి మహాబోధి సొసైటీ పెట్టాడు. 1895లో జపాన్ నుంచి వచ్చిన బుద్ధ విగ్రహాన్ని పై అంతస్తులో పెడితే మహంతు మనుషులు తీసేశారు. కింది కోర్టులో వాళ్లకు శిక్ష పడింది, కలకత్తా హైకోర్టు కొట్టేసింది. స్వాతంత్ర్యం వచ్చాక బీహార్ ప్రభుత్వం 1949లో బుద్ధగయ ఆలయ చట్టం చేసింది. ఆ చట్టం కింద కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, అధ్యక్షుడిగా జిల్లా మేజిస్ట్రేటు. మేజిస్ట్రేటు హిందువు కాకపోతే ప్రభుత్వం ఇంకో హిందువుని అధ్యక్షుడిగా పెట్టాలని కూడా ఉండేది, 2013లో ఆ షరతు తీసేశారు. చట్టాన్నే రద్దు చేసి ఆలయం బౌద్ధులకప్పగించాలని 2025 ఫిబ్రవరి నుంచి భిక్షువులు నిరాహార దీక్షలకు దిగారు. ఆ పోరాటం న్యాయమైనదే. దానికి మద్దతుగా మన చీరాల నుంచి కూడా సంతకాలు పెట్టాలి. కానీ బుద్ధగయ కోసం నినాదాలిచ్చే మనం మన మూడు సెంట్ల కాగితం సరిచేసుకోకపోతే నవ్వరా?

మనలో చాలామంది పెద్దలు చర్చి నుంచి వచ్చినవాళ్లు, లేదా చుట్టాలు ఇంకా చర్చిలోనే ఉన్నవాళ్లు. వాళ్ల అనుభవం నుంచి కూడా నేర్చుకోవచ్చు, తప్పేం లేదు. సి.ఎస్.ఐ. చర్చి 1947 సెప్టెంబరులో ఏర్పడినప్పుడు ఆస్తుల కోసమే ఒక ట్రస్టు అసోసియేషన్‌ను కంపెనీల చట్టం కింద రిజిస్టరు చేశారు. ఊళ్లో చర్చి ఊరివాళ్ల చెమటతో కట్టినా, హక్కు ఆ అసోసియేషన్‌ది. దీంట్లో ఒక మంచి ఉంది. ఊళ్లో ఏ ఒక్కడూ తన పేరున రాయించుకోలేడు. ఒక చెడూ ఉంది. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు సంతకం పెడితే ఊరివాళ్లకు తెలియకుండా స్థలం చేతులు మారొచ్చు. ముస్లిం సోదరుల వక్ఫులో అయితే ఆస్తి అల్లాహ్‌దే, ముతవల్లీ కేవలం చూసుకునేవాడు. ఆ ఆలోచన మన దబ్బ మల్లపుత్తుడికి దగ్గరగా ఉంటుంది.

మరి మన విహారం స్థలం ఎవరి పేరు మీద ఉండాలి? రాష్ట్ర స్థాయి సంస్థ పేరనా, ఊరి కమిటీ పేరనా? నా అభిప్రాయం దాచను. ఊరి సంఘం పేరు మీదే ఉండాలి, కానీ ఊరి సంఘం చేతులు కొంచెం కట్టి ఉండాలి. రాష్ట్ర సంస్థల్లో చీలికలొచ్చినప్పుడల్లా రెండు లెటర్‌హెడ్లు పట్టుకొని రెండు వర్గాలు ఒకే విహారానికి రావడం చూసినవాణ్ణి. ఊరి కమిటీల్లో అన్నదమ్ముల గొడవ విహారం గుమ్మందాకా రావడమూ చూశాను.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. అట్టా రిజిస్టరైన సంఘానికి చట్టం దృష్టిలో సొంత పేరు, సొంత ఉనికి ఉంటాయి. సభ్యులు పోతుంటారు, వస్తుంటారు, సంఘం ఉంటుంది. ఈ మాట అర్థం కావాలంటే మన ఊళ్లోని సారస్వత నికేతనమే చూడండి. 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు కూడా వచ్చి వెళ్లారు. మొదలుపెట్టిన తరం మొత్తం పోయింది. పాత పత్రికలు చదువుకోడానికి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు రైలు దిగుతున్నారు. అది ఎవరింట్లోనో పుస్తకాల బీరువాగా ఉండి ఉంటే ఏ తరంలోనో పాత కాగితాల కొట్టుకి తూకానికి పోయేది.

నియమావళి రాసేటప్పుడు ఈ సంఘం ఆస్తి నాలుగు దిక్కుల బౌద్ధ సంఘం కోసం, ఇప్పటివాళ్ల కోసం, రాబోయేవాళ్ల కోసం అని ఒక వాక్యం తెలుగులోనే రాయించండి. అమ్మకం, తాకట్టు కూడదని రాయించండి. సంఘం రద్దయితే ఆస్తి సభ్యులకు కాకుండా ఇంకో బౌద్ధ సంఘానికి పోవాలని రాయించండి. పక్క ఊళ్ల విహారాల నుంచి ఇద్దరికైనా సభ్యత్వం ఇవ్వండి. నాలుగు దిక్కులంటే కనీసం పక్క ఊరైనా ఉండాలి గదా. ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి పంపాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది పంపి మర్చిపోతాయి. గొడవ వచ్చినప్పుడు ఎవరు అసలు కార్యదర్శో తేలకపోవడానికి కారణం అదే.

స్థలం విషయానికొస్తే, నోటి మాటతో భూమి దానం కాదు. ఆస్తి బదిలీ చట్టం 1882 ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలి, దాత సంతకం ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి, పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి. "ఇరవై ఏళ్లుగా వందన చేస్తున్నాం, కాబట్టి మాదే" అనే మాట చెల్లదు. యజమాని అనుమతితో ఉన్న స్వాధీనం ఎన్నేళ్లైనా యాజమాన్యం కాదు. ప్రజల పూజకు అర్పించాడని కోర్టులో సాక్ష్యాలతో నిరూపించుకునే దారి ఉంది గానీ, ఆ దారిలో తలలు నెరుస్తాయి.

దస్తావేజులో పుచ్చుకునేవారి చోట సంఘం పేరు రాయించాలి. కార్యదర్శి పేరు "తరఫున" అన్న మాట తర్వాతే రావాలి. ఈ ఒక్క మాట ముందూ వెనకా అయితే అర్థం మారిపోతుంది. దస్తావేజు రాసేవాళ్లు తొందరలో ఉంటారు, మీరే చదివి చూసుకోండి.

మన వాడల్లో ఇంకో చిక్కుంది. చాలా విహారాలు, అంబేద్కర్ భవనాలు ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టా స్థలాల్లోనో, గ్రామకంఠంలోనో ఉన్నాయి. అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977లో చట్టం వచ్చింది. పేదల భూమి పెద్దల పాలు కాకుండా వచ్చిన చట్టమే అది, మనకు మేలుచేసిందే. తర్వాత కొన్ని సవరణలూ వచ్చాయి. అందువల్ల సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి పోయేముందే తహసీల్దారు ఆఫీసులో ఆ సర్వే నంబరు సంగతి, నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నది కనుక్కోండి. ప్రభుత్వ స్థలమైతే సంఘం పేరుతో కేటాయింపు కోసం అర్జీ పెట్టాలి. ఆలస్యమవుతుంది, పెట్టండి.

ఇక ఆ పల్లె సంగతి. పెద్ద కొడుకుతో నేను ఒక్కణ్ణే కూర్చొని మాట్లాడాను. "మీ నాయన ఇచ్చాడా లేదా?" అంటే, "ఇచ్చాడు" అన్నాడు. అబద్ధమాడలేదు. "మరి మీరంతా వచ్చి దండం పెట్టుకొని పోయారు గానీ, ఆయనకు జబ్బు చేసి మంచం పడితే ఎంతమంది వచ్చారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట పల్లె వాళ్లతో చెప్పాను. తలలొంచుకున్నారు. అమ్మాయి చదువు డబ్బు కోసం పల్లెలో చందా మొదలైంది, ఎంతొచ్చిందన్నది ఇక్కడ అనవసరం.

అతను సంతకం పెడతానన్నాడు. అయితే ఒక్కడి సంతకంతో అయ్యేది కాదది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. వీలునామా లేకుండా పోయిన మనిషి సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. తల్లి ఉంది, తమ్ముడున్నాడు, ఒంగోలులో ఉన్న చెల్లెలుంది. చెల్లెల్ని ఎవరూ అడగలేదు. ఆడపిల్లను అడిగేదేముందని అనుకున్నారు. నాగార్జునకొండలో విహారాలు కట్టించింది ఎవరో వాళ్లకు మళ్లీ చెప్పాల్సొచ్చింది.

ఆ అమ్మకి ఫోను చేస్తే, "మా నాయన మాట నా మాట కూడా. కానీ గోడ మీద మా అమ్మ పేరు కూడా రాయండి. ఇటుకలు మోసింది ఆమే" అంది. ఆ షరతు ధమ్మానికేమీ విరుద్ధం కాదని నేనన్నాను. దాతగా రాస్తాం, యజమానిగా కాదు. సంక్రాంతికి ఆమె పుట్టింటికి వస్తోంది. ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. సాక్షులుగా పక్క పల్లె విహారం నుంచి ఇద్దరు వస్తామన్నారు.

మీ విహారం కాగితాలు ఎక్కడున్నాయో ఈ పున్నమిలోగా వెతికించండి. దొరికినవి జెరాక్స్ తీయించి వందన అయ్యాక అందరి ముందూ చదవండి. దొరకకపోతే ఆ సంగతైనా అందరి ముందూ చెప్పండి.

భవతు సబ్బ మంగళం.